చిల్లర డబ్బు, చేతి ఫోను, కావేరి నీళ్ళు



హొగేనక్కల్ పేరు మన సరిహద్దు జిల్లాల తెలుగువారికి కొత్త కాదు. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట వైపు వారికీ, ఇటు కుప్పం, పలమనేరు వారికీ సెలవురోజున పిల్లాపాపలతో వెళ్ళివచ్చే చోటు అది. ధర్మపురికి సుమారు 46 కిలోమీటర్ల దూరంలో, పెన్నాగరం తాలూకాలో, కావేరి నది నల్లటి బండల మధ్య చీలికలై కిందికి దూకుతుంది. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. పైకి లేచే నీటి తుంపరను చూసి ఎవరో ఎప్పుడో పొగరాయి అని పేరు పెట్టారు, అది నిలిచిపోయింది.

ఆ నది ఒడ్డున బతికేవారు కొందరున్నారు. గుండ్రటి పడవ నడిపేవారు ఒకరు. తమిళంలో దాన్ని పరిసల్ అంటారు, మనం పుట్టి అంటాం. నూనె మర్దనం చేసేవారు, చేపలు వేయించి అమ్మేవారు, నీళ్ళ సీసాలూ షాంపూ పొట్లాలూ అమ్మేవారు ఇంకొందరు. వీరందరిదీ చిల్లర వ్యాపారం. పదీ ఇరవై రూపాయలు చేతులు మారితేనే వారి పొయ్యి వెలుగుతుంది. నది బాగుంటే జనం వస్తారు, జనం వస్తే వారికి పని దొరుకుతుంది. కానీ జనం ఎక్కువయ్యేకొద్దీ నది పాడవుతుంది. ఇదే చిక్కు. ఒక్క హొగేనక్కల్‌కే కాదు, మనలాంటి దేశాలన్నిటికీ ఉన్న చిక్కు ఇది. సంపాదన పెరగాలి, ఆ సంపాదనకు మూలమైన నేలా నీరూ అడవీ నిలవాలి. 1992లో బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో ప్రపంచ దేశాలన్నీ కూడి చర్చించిన సుస్థిర అభివృద్ధి అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

ఇప్పుడు ఈ చిక్కులోకి చేతి ఫోను వచ్చి చేరింది. ఫోనులో డబ్బు కట్టడం, డబ్బు అందుకోవడం, దాచుకోవడం, అప్పు తీసుకోవడం, బీమా చేయించుకోవడం, వీటన్నిటినీ కలిపి డిజిటల్ ఆర్థిక సేవలు అంటున్నారు. ఇవి వస్తే పర్యావరణానికి కూడా మేలు జరుగుతుందని ఆర్థికవేత్తలు కొందరు చెబుతున్నారు. ఈ మాట ఎంతవరకు నిజమో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

ముందుగా ఒక చిన్న లెక్క. పాతకాలపు మనియార్డరు మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి 20 రూపాయలకు 1 రూపాయి కమీషను కట్టి పంపేవాళ్ళం. వెయ్యి రూపాయలు పంపేవారు ఆ ఖర్చును భరించగలరు. కానీ దూరాన ఉన్న మనిషికి 10 రూపాయలు పంపాలంటే? తపాలా కచేరీకి వెళ్ళిరావడానికే అంతకన్నా ఎక్కువ అవుతుంది. అందుకని చిన్న మొత్తాలు ఊరు దాటేవి కావు. 2016 ఏప్రిల్ 11న యూపీఐ అనే చెల్లింపుల పద్ధతి మన దేశంలో మొదలైంది. దాన్ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 2025 ఆగస్టు నెలలో ఈ పద్ధతిలో జరిగిన చెల్లింపులు మొదటిసారిగా 2,000 కోట్లు దాటాయి. అందులో చాలా భాగం చిల్లర మొత్తాలే. ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు 10 రూపాయలు పంపడానికి పంపేవారికి ఖర్చేమీ లేదు. అసలు మార్పు ఇదే. చిన్న మొత్తం దూరం ప్రయాణించగలుగుతోంది.

దీనికీ నదికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది ఖాళీ సీసా. యాత్రా స్థలంలో నీళ్ళు తాగి సీసా పారవేసేవాడు చెడ్డవాడేమీ కాదు. దాన్ని మోసుకుపోవడం వల్ల అతనికి లాభం లేదు, పారవేయడం వల్ల నష్టం లేదు. నష్టమంతా నదిది. ఆ సీసాకు ఒక ధర కడితే సంగతి మారుతుంది. నీలగిరి జిల్లాలో 2022 మే నెల నుంచి టాస్మాక్ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా వసూలు చేసి, ఖాళీ సీసా తెచ్చి ఇస్తే ఆ 10 రూపాయలు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. అడవిలో పగిలిన గాజుపెంకులు ఏనుగుల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టించుకోవడంతో ఈ ఏర్పాటు వచ్చింది. సీసాల్లో చాలా భాగం తిరిగి వచ్చాయి. ఇక్కడ ఫోను అవసరం కూడా పడలేదు. కొన్నవాడే ఆ చుట్టుపక్కల తిరిగి ఇవ్వగలడు కనుక రొక్కంతోనే పని జరిగింది.

అయితే కొండ కింద కొని, పదిహేను కిలోమీటర్లు నడిచి, పైన ఖాళీ చేసే యాత్రికుడి మాట ఏమిటి? అదే 2022లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌నాథ్‌లో ఒక పద్ధతి పెట్టారు. దాని వెనుక ఉన్నది మన హైదరాబాదుకు చెందిన రీసైకల్ అనే సంస్థ. నీళ్ళ సీసా మీద గళ్ళ గుర్తున్న చీటీ అంటిస్తారు. కొనేటప్పుడు 10 రూపాయలు అదనంగా కట్టాలి. ఖాళీ సీసాను ఏ కేంద్రంలో ఇచ్చినా ఆ చీటీని యంత్రం చదువుతుంది, 10 రూపాయలు మీ ఖాతాకు చేరతాయి. ఎక్కడ కొన్నారన్నది అడగరు. మీరు పారవేసినా, దాన్ని ఏరుకున్న పేదవాడికి ఆ 10 రూపాయలు దక్కుతాయి. హొగేనక్కల్ వంటి చోటికి సరిపోయే ఏర్పాటు ఇది. పెన్నాగరంలో కొన్న సీసాను నది ఒడ్డున ఇచ్చి డబ్బు తీసుకోగలిగితే, సీసా నీళ్ళలోకి పోదు. ఆ ఒడ్డుకు చుట్టూ ఉన్నది మామూలు నేల కాదు. కావేరి పరిసరాల్లోని అడవులను తమిళనాడు ప్రభుత్వం 2014లో ఉత్తర కావేరి అభయారణ్యంగా, 2022లో దక్షిణ కావేరి అభయారణ్యంగా ప్రకటించింది. నీటికుక్కలు, మొసళ్ళు, ఏనుగులు అక్కడి నీళ్ళమీదే ఆధారపడి ఉన్నాయి.

రెండవది వాన బీమా. ఇందులో తెలుగువారు దేశానికే ముందు నడిచారు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం పండించే 230 మంది రైతులకు బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి వాన బీమా అమ్మాయి. మన దేశంలో అటువంటి బీమా అదే మొదటిది. మామూలు పంట బీమాలో అధికారి వచ్చి పొలం చూడాలి, నష్టం లెక్క వేయాలి, కాగితాలు కదలాలి. వాన బీమాలో అవేవీ లేవు. వర్షమాపకంలో ఇన్ని మిల్లీమీటర్ల కన్నా తక్కువ పడితే ఇంత డబ్బు అని ముందే రాసుకుంటారు. కొలత చూస్తే చాలు. ఇందులో ఒక లోపం కూడా ఉంది. వర్షమాపకం ఉన్నచోట వాన పడి, మీ పొలంలో పడకపోతే, నష్టపోయినా మీకు డబ్బు రాదు. ఆ లోపం నేటికీ పూర్తిగా తీరలేదు. కొలిచే యంత్రాలు దగ్గరదగ్గరగా పెట్టేకొద్దీ తగ్గుతుంది.

ఇదే పద్ధతిని సేవా అనే మహిళా సంఘం ఎండకు వర్తింపజేసింది. 2024 వేసవిలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో సుమారు 50,000 మంది శ్రామిక స్త్రీలు ఈ బీమాలో చేరారు. ఎండ 40 డిగ్రీలు దాటి మండినప్పుడు వారిలో చాలామందికి సుమారు 400 రూపాయల చొప్పున ఖాతాల్లో పడ్డాయి. ఆ రోజు పనికి పోకపోయినా ఇంట్లో గంజి కాచుకోవడానికి ఆ డబ్బు పనికివచ్చింది.

ఇక పుట్టి నడిపేవారి సంగతి చూడండి. కావేరిలో వరద పెరిగితే కలెక్టరుగారు పుట్టీలు నడపరాదని ఆజ్ఞ వేస్తారు. ప్రాణాలు కాపాడడానికి అది తప్పదు. కానీ ఆ ఆజ్ఞ ఎత్తివేసేదాకా పుట్టివారికి సంపాదన లేదు. హొగేనక్కల్‌కు ఎగువన బిలిగుండ్లు అనేచోట కేంద్ర జలసంఘం ప్రతిరోజూ నీటి ప్రవాహం కొలుస్తుంది. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కర్ణాటక ఏటా 177.25 టీఎంసీల నీరు ఇవ్వాలని చెప్పింది కూడా ఈ బిలిగుండ్లు కొలత ఆధారంగానే. రెండు రాష్ట్రాలు నమ్మే కొలత ఒకటి సిద్ధంగా ఉంది. ప్రవాహం ఇంత దాటితే, పుట్టీలు ఇన్ని రోజులు ఆగితే, అనుమతి చీటీ ఉన్న ప్రతి పుట్టివాని ఖాతాలో ఇంత సొమ్ము పడాలి అనే బీమా చేయించడం కష్టమైన పని కాదు. ఇది నా సూచన మాత్రమే. వచ్చేవారి టిక్కెట్టులో ఒకటి రెండు రూపాయలు ప్రీమియంగా తీసినా ఎవరికీ భారం కాదు. నీళ్ళు ఎక్కువైన రోజున ఎవరూ ప్రాణానికి తెగించి పుట్టి దించనక్కరలేదు.

మూడవది దీపం. ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో 2007లో ఎం-పెసా అనే ఫోను డబ్బు పద్ధతి వచ్చింది. మామూలు చిన్న ఫోనుతోనే అది నడిచింది. దాని ఆధారంగా 2012లో ఎం-కోపా అనే సంస్థ సౌర దీపాలను వాయిదాల మీద అమ్మడం ప్రారంభించింది. కొంత ముందు కట్టి ఇంటికి తెచ్చుకోవాలి, తర్వాత రోజుకు కొద్ది షిల్లింగులు ఫోనులోనే కట్టాలి. అంతకు ముందు ఆ డబ్బే రోజూ కిరసనాయిలుకు పోయేది. పొగ పోయింది, కొన్నాళ్ళకు దీపం సొంతమైంది. సౌరఫలకం ధర ఒక్కసారిగా కట్టలేని పేదవాడు రోజువారీగా కట్టగలడు. ఆ రోజువారీ చిల్లరను వసూలు చేయడానికి ఇంటింటికీ మనిషిని పంపితే సంస్థ దివాలా తీస్తుంది. ఫోను ఉండడం వల్లనే అది సాధ్యమైంది. అయితే వాయిదా ఆగితే దీపం కూడా ఆరిపోయేలా ఏర్పాటు ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. మేలు చేసే తాడే మెడకు బిగుసుకోవచ్చు.

ఇంతవరకు మేలు చెప్పాను. రెండవ వైపు కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది.

డబ్బు అనేది నీటివంటిది. పల్లం ఎటు ఉంటే అటు పారుతుంది. ఫోను ఆ పారుదలను వేగవంతం చేస్తుంది, పల్లాన్ని మార్చదు. మన జిల్లాలనే చూడండి. బోరు వేయడానికి అప్పు సులభంగా దొరికితే రైతు ఏం చేస్తాడు? ఇంకా లోతుకు వేస్తాడు. పక్కవాడు అంతకన్నా లోతుకు వేస్తాడు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఉందని మీకు తెలుసు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండరాదని మన ప్రమాణం. మించితే పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దల ఎముకలు వంగుతాయి. నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి ఈ బాధ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. గట్టి రాతి పొరల్లో చాలాకాలం నిలిచిన నీటిలో ఈ ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. అందుకే 2008లో శంకుస్థాపన చేసి, జపాను సహాయంతో, సుమారు 1,900 కోట్ల రూపాయల ఖర్చుతో హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్ళను ఈ రెండు జిల్లాలకు తెచ్చే పథకం కట్టారు. 2013 మే నెలలో అది ప్రారంభమైంది. ఒకవైపు ప్రజాధనంతో మంచినీళ్ళు తెచ్చుకుంటూ, ఇంకొకవైపు సులభమైన అప్పుతో నేలను ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోతే లెక్క ఎక్కడ సరిపోతుంది?

పల్లాన్ని మార్చే ప్రయత్నం ఒకటి పంజాబులో జరిగింది. అక్కడ కూడా రైతుల మోటార్లకు కరెంటు ఉచితమే. 2018లో ‘పానీ బచావో, పైసా కమావో’ అనే పథకం పెట్టారు. అంటే నీళ్ళు ఆదా చెయ్యి, డబ్బు సంపాదించు అని. ఇష్టపడిన రైతు మోటారుకు మీటరు పెట్టి, నెలకు ఇన్ని యూనిట్లు అని నిర్ణయించారు. అంతకన్నా తక్కువ వాడితే మిగిలిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయల చొప్పున నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఎక్కువ వాడితే జరిమానా లేదు. ఉచిత కరెంటు తీసివేస్తారనే భయం లేకుండా, నీళ్ళు మిగిల్చినవాడికి ప్రతిఫలం దక్కే దారి ఇది. ఆ సొమ్ము ఏ కచేరీలోనూ ఆగకుండా ఖాతాకు చేరుతుందన్న నమ్మకం మీదే ఇదంతా ఆధారపడి ఉంది.

ఈ నమ్మకం ఎలా పుడుతుంది? దీనికి కూడా మన వద్దనే రుజువు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు ఇవ్వడానికి వేలిముద్రతో పనిచేసే స్మార్టు కార్డులు తెచ్చారు. 8 జిల్లాల్లో 157 మండలాల్లో వాటి ఫలితాన్ని పరిశోధకులు 2010 నుంచి పరిశీలించారు. కూలీ డబ్బు త్వరగా అందింది, మధ్యలో కాజేయడం తగ్గింది. కార్డుదారుల్లో అత్యధికులు పాత పద్ధతికన్నా ఇదే మేలన్నారు. అయితే ఒక సంగతి గమనించాలి. ఆ డబ్బు ఊళ్ళోనే, ఆ ఊరి మనిషి చేతుల మీదుగా అందేలా ఏర్పాటు చేశారు. యంత్రం మంచిదే, దాని పక్కన తెలిసిన మనిషి ఉంటే ఇంకా మంచిది.

ఇక అప్పు మాట. పొదుపు సంఘాల చరిత్రలో ధర్మపురికి పెద్ద స్థానం ఉంది. ఐక్యరాజ్యసమితికి చెందిన వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో 1989లో తమిళనాడు ప్రభుత్వం మహిళా సంఘాల పథకాన్ని మొట్టమొదట ప్రారంభించింది అవిభక్త ధర్మపురి జిల్లాలోనే. నేటి కృష్ణగిరి అప్పుడు అందులోదే. ఆంధ్రలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు ఉద్యమం ఊరూరా పాకింది. ఆ సంఘాల బలం ఏమిటి? ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో, ఎందుకు ఇవ్వాలో తోటి స్త్రీలు కూర్చుని మాట్లాడుకునేవారు. ఫలానా ఆమె ఇప్పటికే రెండు అప్పుల్లో ఉంది, మూడవది వద్దు అని చెప్పే నోరు అక్కడ ఉండేది.

ఫోనులో అప్పు ఇచ్చే యాప్‌కు ఆ నోరు లేదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి భరించలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటున్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2020 చివరలో, తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులతో అదే విషాదం మళ్ళీ జరిగింది. ఫోనులోని పేర్లన్నీ లాక్కుని బంధువులకు అవమానకరమైన సందేశాలు పంపారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఈ అప్పులకు నిబంధనలు పెట్టింది. అప్పు సొమ్ము నేరుగా రుణదారుని ఖాతాకే రావాలని, మొత్తం ఖర్చు ఎంతో ముందే చెప్పాలని అందులో ఉంది. అప్పుల్లో మునిగిన కుటుంబం చెట్టు కొట్టి అమ్ముతుంది, ఆవును అమ్ముతుంది, చివరికి నేల అమ్ముతుంది. అందుకని అప్పు భద్రత కూడా పర్యావరణ విషయమే.

శ్రోతలారా, ఇక మనం చేయగలిగినవి నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, డబ్బు మీకు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు. పిన్ అడిగితే మీ డబ్బు పోతోందని అర్థం. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యం చేసేకొద్దీ సొమ్ము దొరికే అవకాశం తగ్గుతుంది.

రెండు, యాప్‌లో అప్పు తీసుకునే ముందు మీ సంఘంలో ఒక్క మాట చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడే అప్పు తీర్చడానికి ఇంకా కష్టమవుతుంది.

మూడు, మీ పంచాయతీలో, పంచాయతీ సరిహద్దులోని యాత్రా స్థలంలో, సీసాకు తిరుగు సొమ్ము పద్ధతి పెట్టమని గ్రామసభలో అడగండి. నీలగిరిలో జరిగింది, కేదార్‌నాథ్‌లో జరిగింది, ఇక్కడ ఎందుకు జరగదు?

నాలుగు, ఫోను లేనివారిని, సిగ్నలు అందని అడవి పల్లెల వారిని వదిలిపెట్టవద్దు. మామూలు మీటల ఫోనుతో కూడా పనిచేసే యూపీఐ 2022 మార్చిలో వచ్చింది. అది కూడా చేతకాని ముసలివారికి రొక్కం ఉండాలి. రొక్కం తెచ్చిన మనిషిని చిన్నబుచ్చే అభివృద్ధి మనకు అక్కరలేదు.

ఒక్క 10 రూపాయలు నదిని కాపాడలేవు. అయితే ఎవరికి చేరాలో వారికి, చేరవలసిన రోజున చేరిన 10 రూపాయలు ఒక సీసాను నీళ్ళలో పడకుండా ఆపగలవు, ఒక పుట్టిని వరదలో దిగకుండా ఆపగలవు, ఒక మోటారును గంట ముందు ఆపించగలవు. ఆ సొమ్ము ఎటు పారాలో నిర్ణయించవలసింది ఫోను కాదు, ఊరు. మీరు ఈసారి హొగేనక్కల్ వెళ్ళినప్పుడు పుట్టివానికి డబ్బు ఫోనులో కట్టినా, చేతిలో పెట్టినా, ఖాళీ సీసాను మాత్రం సంచిలో వేసుకుని వెనక్కి తెండి.